ఒకే ఫోల్డర్‌లో బోలెడు ప్రోగ్రాములు, పవర్ ఫ్యాక్టర్ 3.2

పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న పవర్‌లో ఎంత భాగం నిజంగా పనికొస్తోందో చెప్పే నిష్పత్తి) ఒకటి దాటదు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ నుంచి సైట్ ఇంజనీర్ పంపిన స్క్రీన్‌షాట్‌లో మాత్రం అది 3.2 ఉంది. వోల్టేజీ 231, కరెంట్ 0.0, ఫ్రీక్వెన్సీ 0.97. కింద రిట్రై కౌంట్ (మీటర్‌ను మళ్లీ అడిగిన సార్లు) దగ్గర 111 కోట్ల పైచిలుకు సంఖ్య. "సార్, మీటర్ డిస్‌ప్లేలో అన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి, మన సాఫ్ట్‌వేరే ఇట్ల చూపిస్తోంది" అని కింద ఒక మెసేజ్.

ఎనర్జీ మీటర్ల నుంచి ఆర్‌ఎస్-485 అనే సీరియల్ కేబుల్ మీద, మోడ్‌బస్ అనే ప్రోటోకాల్‌లో రీడింగులు తీసుకునే సి ప్రోగ్రాముల సెట్ ఇది. మీటర్‌ను చదివే రీడర్, పచ్చి బైట్లను విప్పి చూపే డీకోడ్, రోజువారీ లెక్కలు తీసే రిపోర్ట్, మీటర్ లేకుండానే మీటర్‌లా జవాబిచ్చే సిమ్, ఇంకా నాలుగైదు చిన్న టూల్స్. అన్నిటి సోర్సూ ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. బిల్డ్ వ్యవస్థ (సోర్స్ నుంచి ప్రోగ్రాములు కట్టే ఏర్పాటు) ఒకసారి చూసి పెట్టమని నన్ను పిలిచారు. వెళ్లేసరికి ఈ స్క్రీన్‌షాట్ మీద గొడవ నడుస్తోంది.

అందరి అనుమానమూ ముందు బైట్ ఆర్డర్ (బైట్లు ఏ వరసలో వస్తాయన్నది) మీదికే పోయింది. మోడ్‌బస్‌లో ఫ్లోట్ విలువ, అంటే దశాంశ సంఖ్య, రెండు రిజిస్టర్లలో (మీటర్‌లోని చిన్న గడుల్లో) వస్తుంది. ఏ రిజిస్టర్ ముందు, ఏది వెనక అన్నది మీటర్ కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి అనుమానించడం సహజమే. కానీ ఆర్డర్ తారుమారైతే వోల్టేజీ కూడా చెత్తగా రావాలి. 231 చక్కగా వచ్చింది. కేబుల్‌లో నాయిస్ అంటే సీఆర్‌సీ (చెడిన బైట్లను పట్టే లెక్క) దగ్గరే ఫ్రేమ్ (ఒక మోడ్‌బస్ సందేశం) పడిపోయేది. పైగా కొంచెం నిదానంగా చూస్తే ఆ అంకెలు చెత్త కావు. మీటర్ డిస్‌ప్లేలో కరెంట్ 3.2, పవర్ ఫ్యాక్టర్ 0.97. అవే విలువలు ఒక్కో గడి కిందికి జారి కూర్చున్నాయి.

అదే కోడ్‌ను బిల్డ్ సర్వర్‌లో కడితే రీడర్ సరిగ్గా పనిచేస్తోంది. సైట్‌కి వెళ్లిన బైనరీ (నడిపే ఫైల్) ఒక డెవలపర్ లాప్‌టాప్‌లో కట్టింది. రెండూ ఒకే కమిట్ (సోర్స్‌లో సేవ్ చేసిన ఒకే స్థితి), ఒకే కంపైలర్ వెర్షన్. చెక్‌సమ్‌లు (ఫైల్‌కి వేలిముద్రల్లాంటి సంఖ్యలు) మాత్రం వేరు. "అన్నా, నేను ఒక్క లైన్ కూడా మార్చలేదు" అన్నాడా కుర్రాడు. నిజంగానే మార్చలేదు.

స్క్రిప్ట్ నుంచి మేక్‌ఫైల్‌కి

మొదట్లో ఈ ఫోల్డర్‌లో ఉన్నది రీడర్ ఒక్కటే. అప్పట్లో అన్ని సి ఫైళ్లనూ ఒకే కమాండ్‌కి ఇచ్చేస్తే సరిపోయేది. రెండో ప్రోగ్రాం రాగానే ఆ పద్ధతి ఆగిపోయింది. ఫోల్డర్‌లో రెండు మెయిన్ ఫంక్షన్లు (ప్రోగ్రాం మొదలయ్యే చోట్లు) ఉంటే, ముక్కలను ఒక బైనరీగా అతికించే లింకర్ ఒప్పుకోదు, మెయిన్ రెండుసార్లు నిర్వచించారని ఎర్రర్ కొడుతుంది. అప్పుడెవరో ఒక షెల్ స్క్రిప్ట్ రాశారు. ప్రోగ్రాంకి ఒక లైన్. ఆ లైన్‌లో దానికి కావాల్సిన సి ఫైళ్లన్నీ వరసగా ఉంటాయి.

ఆ స్క్రిప్ట్ నెమ్మది. ఫ్రేమ్ ఫైల్‌ను, సీఆర్‌సీ ఫైల్‌ను ప్రతి ప్రోగ్రాం కోసం మళ్లీ మళ్లీ కంపైల్ చేసేది. కానీ అది తప్పు బైనరీ ఎన్నడూ ఇవ్వలేదు. సోర్స్ ఫైళ్లు నేరుగా ఇచ్చి ఒకే కమాండ్‌తో కంపైల్, లింక్ రెండూ చేయిస్తే జీసీసీ కంపైలర్ మధ్యలోని ఆబ్జెక్ట్ ఫైళ్లను (ఒక్కో సోర్స్ ఫైల్ కంపైలైన రూపం) టెంపరరీగా పెట్టుకుని పారేస్తుంది. ఒక ప్రోగ్రాం కోసం కంపైల్ చేసింది ఇంకో ప్రోగ్రాం చేతికి చిక్కే అవకాశమే లేదు.

తరవాత స్పీడ్ కోసం మేక్‌ఫైల్, అంటే మేక్ అనే టూల్‌కి రాసిపెట్టే ఆదేశాల ఫైల్, వచ్చింది. మేక్ అనేది 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పాత పనిముట్టు. దానికి తెలిసిందల్లా ఫైళ్ల పేర్లు, వాటి టైమ్‌స్టాంపులు. ఆబ్జెక్ట్ ఫైల్ సోర్స్ కన్నా కొత్తదైతే దాన్ని ముట్టుకోదు. నిన్న ఆ ఆబ్జెక్ట్‌ను ఏ ఫ్లాగ్స్‌తో (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లతో) కంపైల్ చేశారో దానికి గుర్తుండదు, అడగదు కూడా. ఇలా అన్ని ప్రోగ్రాములూ ఒకే ఫ్రేమ్ ఆబ్జెక్ట్‌ను పంచుకోవడం మొదలైంది.

పంచుకోవడంలో తప్పు లేదు. మేక్‌ఫైల్‌లో అడుగున ఉన్న ఈ ఒక్క లైన్‌తోనే చిక్కు:

సిమ్: సీఫ్లాగ్స్ += -డి సిమ్యులేషన్

సిమ్ టార్గెట్‌కి (కట్టాల్సిన ఫైల్‌కి) మాత్రం కంపైలర్ ఫ్లాగ్స్‌లో సిమ్యులేషన్ అనే మాక్రో (కంపైల్ అప్పుడు కోడ్‌లో కొన్ని లైన్లను తెరిచే, మూసే పేరు) చేర్చు అని దాని అర్థం. రాసినవాళ్ల ఉద్దేశం సిమ్ వరకే. కానీ గ్నూ మేక్‌లో టార్గెట్‌కి ఇచ్చిన వేరియబుల్ ఆ టార్గెట్‌తో ఆగదు. అది ఆధారపడే ఫైళ్లకు కూడా దిగుతుంది. సిమ్ కోసం ఫ్రేమ్ ఆబ్జెక్ట్ కట్టాల్సి వస్తే అదీ సిమ్యులేషన్ మాక్రోతోనే కంపైల్ అవుతుంది. ఒక్కసారి కట్టాక ఆ రన్‌లో మళ్లీ కట్టదు, ఎవరు ముందు అడిగితే వాళ్ల ఫ్లాగ్స్‌తోనే అది ఖాయమవుతుంది. గ్నూ మేక్ మాన్యువల్‌లో ఈ హెచ్చరిక స్పష్టంగానే ఉంది. టైమ్‌స్టాంప్ సంగతి కూడా కలిపితే, ఆ ఖాయమవడం ఎవరైనా క్లీన్ (కట్టిన ఫైళ్లన్నీ చెరిపే ఆదేశం) కొట్టేదాకా కొనసాగుతుంది.

ఫోల్డర్‌లోని రీడ్‌మీ అనే సూచనల ఫైల్‌లో ఒక వాక్యం కనిపించింది: సిమ్ కావాలంటే ముందు క్లీన్ చేసి, తరవాత సిమ్ ఒక్కటే కట్టాలి, మొత్తం బిల్డ్‌లో వచ్చే సిమ్ సరిగ్గా పనిచేయదు. ఎందుకు పనిచేయదో రాయలేదు. జబ్బు ఎవరికో ముందే కనిపించింది, దానికో ఆచారం కనిపెట్టి వదిలేశారు. ఇలాంటి వాక్యం ఏ రీడ్‌మీలో కనిపించినా నేను ముందు మేక్‌ఫైల్ తెరుస్తాను.

ఇప్పుడు లాప్‌టాప్‌లో ఏం జరిగిందో చెప్పేయొచ్చు. కుర్రాడు సిమ్ మీద పని చేస్తున్నాడు. రీడ్‌మీ చెప్పినట్టే క్లీన్ చేసి సిమ్ కట్టాడు. ఫ్రేమ్ ఆబ్జెక్ట్ సిమ్యులేషన్ మాక్రోతో తయారైంది. సాయంత్రం సైట్ వాళ్లు రీడర్ అడిగితే రీడర్ కట్టాడు. ఫ్రేమ్ ఆబ్జెక్ట్ తాజాగానే ఉందని మేక్ దాన్నే తీసుకుని లింక్ చేసింది. ఒక్క వార్నింగ్ కూడా రాలేదు.

24 బైట్లు, 28 బైట్లు

ఆ మాక్రో ఏదో రెండు ప్రింట్ లైన్లు తెరిచి మూసేదైతే ఇంత దూరం వచ్చేది కాదు. హెడర్‌లో (సి ఫైళ్లు కలుపుకునే ఉమ్మడి ఫైల్) రీడింగ్ అనే స్ట్రక్చర్ (వరసగా పెట్టిన విలువల మూట) ఉంది. వరసగా మీటర్ అడ్రస్, రిజిస్టర్ల సంఖ్య, వోల్టేజీ, కరెంట్, పవర్ ఫ్యాక్టర్, ఫ్రీక్వెన్సీ. ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 24. సిమ్యులేషన్ మాక్రో ఉంటే వోల్టేజీకీ కరెంట్‌కీ మధ్యలో డిలే అనే ఇంకో ఫీల్డ్ వస్తుంది. మీటర్ ఆలస్యంగా జవాబిచ్చినట్టు నటించడానికి అది కావాలి. అప్పుడు మొత్తం 28.

జీడీబీ అనే డీబగ్గర్‌లో రీడర్ నడిపి, మెయిన్‌లో ఆపి ఈ స్ట్రక్చర్ సైజ్ అడిగితే 24 అంది. అదే రన్‌లో ఫ్రేమ్ ఫైల్‌లోని ఫంక్షన్ దగ్గర ఆపి అడిగితే 28 అంది. ఒకే ప్రాసెస్‌లో ఒకే పేరున్న స్ట్రక్చర్‌కి రెండు సైజులు. డీబగ్ సమాచారం ఫైల్ ఫైల్‌కి విడిగా ఉంటుంది కాబట్టే జీడీబీ ఇది చూపించగలిగింది. సి లింకర్‌కి ఫంక్షన్ పేరు కలిస్తే చాలు, లోపలి స్ట్రక్చర్లు అది పట్టించుకోదు.

స్క్రీన్‌షాట్‌లోని అంకెలన్నీ దీనితో లెక్క తేలిపోయాయి. ఫ్రేమ్ ఫంక్షన్ 12వ బైట్ దగ్గర డిలే అనుకుని సున్నా రాసింది. రీడర్ దాన్ని కరెంట్ అనుకుని 0.0 చూపించింది. 16 దగ్గర రాసిన 3.2 పవర్ ఫ్యాక్టర్ అయింది. 20 దగ్గర రాసిన 0.97 ఫ్రీక్వెన్సీ అయింది. అసలు ఫ్రీక్వెన్సీని అది 24 దగ్గర రాసింది, రీడర్ లెక్కలో అక్కడికి స్ట్రక్చర్ అయిపోయింది. ఛానెల్ అనే పెద్ద స్ట్రక్చర్‌లో రీడింగ్ తరవాత ఉన్నది రిట్రై కౌంట్. 50.0 అనే ఫ్లోట్‌లోని ఆ 4 బైట్లనే పూర్ణాంకంగా చదివితే 1,11,20,14,848 వస్తుంది. 111 కోట్ల రిట్రైల కథ ఇదీ.

వోల్టేజీ ఆ ఫీల్డ్‌కి పైన ఉండబట్టి బతికిపోయింది. డిలే ఫీల్డ్‌ను స్ట్రక్చర్ చివర పెట్టి ఉంటే ఇంకా ఘోరం. తెర మీది నాలుగు అంకెలూ సరిగ్గా కనిపిస్తూ, పక్కనున్న రిట్రై కౌంట్ మాత్రం ప్రతి రీడింగ్‌కీ చెరిగిపోతూ ఉండేది. ఎప్పటికి పట్టుకునేవాళ్లమో.

మార్చింది ఏమిటి

సైట్‌కి మంచి బైనరీ వెంటనే వెళ్లాలి, అది సర్వర్ నుంచి వెళ్లింది. మేక్‌ఫైల్ మీద నా మొదటి పని మెయిన్ ఉన్న ఫైళ్లను, లేని ఫైళ్లను విడదీయడం. ఒకే ఫోల్డర్‌లో ఎన్ని ప్రోగ్రాములున్నా అసలు నిర్ణయం ఇదే. ప్రోగ్రాంకి ఒక ఫైల్, ఫైల్ పేరే ప్రోగ్రాం పేరు, మెయిన్ అందులోనే. మెయిన్ లేనివన్నీ కలిపి ఒక స్టాటిక్ లైబ్రరీ (ఆబ్జెక్ట్ ఫైళ్ల మూట). మేక్‌ఫైల్‌లో ప్రోగ్రాముల పేర్లు ఒకే జాబితాలో ఉంటాయి, వాటన్నిటికీ కలిపి ఒకే ప్యాటర్న్ రూల్: పేరుకి తగిన ఆబ్జెక్ట్ తీసుకో, లైబ్రరీతో లింక్ చెయ్యి. కొత్త ప్రోగ్రాం రాసినవాళ్లు జాబితాలో ఒక పేరు చేరిస్తే పని అయిపోతుంది.

లైబ్రరీ అనగానే "డీకోడ్‌కి సీరియల్ పోర్ట్ కోడ్ ఎందుకండీ, బైనరీ లావైపోదా" అని అడిగారు. లావవదు. స్టాటిక్ లైబ్రరీ నుంచి లింకర్ అవసరమైన ఆబ్జెక్ట్‌లనే లాక్కుంటుంది. డీకోడ్ సీరియల్ ఫంక్షన్లు దేన్నీ పిలవదు కాబట్టి ఆ ఆబ్జెక్ట్ దానిలోకి రాదు. ఏ ప్రోగ్రాంకి ఏ ఫైళ్లు కావాలో చేత్తో రాసిన పాత జాబితాలన్నీ తీసేశాం.

లైబ్రరీ విషయంలో ఒక చిన్న ముల్లు ఉంది. లైబ్రరీ కట్టే ఏఆర్ కమాండ్ పాత లైబ్రరీలోకి కొత్త ఆబ్జెక్ట్‌లను చేరుస్తుంది, మారినవాటిని మారుస్తుంది, కానీ జాబితా నుంచి మనం తీసేసిన ఫైల్ తాలూకు ఆబ్జెక్ట్‌ను తనంతట తాను తీసేయదు. సోర్స్‌లో లేని ఫంక్షన్ బైనరీలో బతికే ఉంటుంది. అందుకే రూల్‌లో ముందు పాత లైబ్రరీని చెరిపేసి, కొత్తగా కట్టిస్తాను.

రిపోర్ట్‌కి ఒక్కదానికే గణిత లైబ్రరీ కావాలి. పాత మేక్‌ఫైల్ దాన్ని ఎల్‌డీఫ్లాగ్స్‌లో పెట్టింది, అంటే కమాండ్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్ల కన్నా ముందు. ఉబుంటు 11.10 నుంచి లింకర్ ఆ క్షణానికి ఎవరికీ అవసరం లేని లైబ్రరీని పక్కన పెట్టేస్తోంది. దాన్ని ఎల్‌డీలిబ్స్‌లోకి, అంటే చివరికి మార్చాం. ఇక్కడ టార్గెట్‌కి మాత్రమే వర్తించే వేరియబుల్ వాడటానికి నాకు అభ్యంతరం లేదు. అది కింది ఫైళ్లకు దిగినా, కంపైల్ కమాండ్ దాన్ని వాడదు.

ఇక సిమ్. గ్నూ మేక్ 3.82 నుంచి ప్రైవేట్ అనే మాట ఉంది, అది పెడితే వేరియబుల్ కింది ఫైళ్లకు దిగదు. టీమ్‌లో ఒకరు దాన్ని సూచించారు. రీడర్ బాగుపడుతుంది, కానీ సిమ్‌కి కావాల్సిన ఫ్రేమ్ ఆబ్జెక్ట్ ఎప్పటికీ రాదు, రీడ్‌మీలోని జబ్బు శాశ్వతమవుతుంది. ఒకే సోర్స్ రెండు రకాల ఫ్లాగ్స్‌తో కంపైల్ కావాలంటే రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లు ఉండాల్సిందే, పేర్లు వేరుగా ఉండాల్సిందే. బిల్డ్ అనే ఫోల్డర్‌లో మామూలు ఆబ్జెక్ట్‌లకు ఒకటి, సిమ్ ఆబ్జెక్ట్‌లకు ఒకటి, రెండు సబ్‌ఫోల్డర్లు పెట్టాం. లైబ్రరీలూ రెండయ్యాయి. కంపైల్ టైమ్ కాస్త పెరిగింది, ఎవరూ గమనించలేదు.

ఇదేదో కొత్తగా కనిపెట్టింది కాదు. లైనక్స్ మూల కమాండ్ల సెట్ అయిన గ్నూ కోర్‌యుటిల్స్‌లో ఎల్ఎస్, క్యాట్, సీపీ లాంటి వంద దాకా కమాండ్లు ఒకే సోర్స్ ఫోల్డర్ నుంచి తయారవుతాయి. షా చెక్‌సమ్ కమాండ్లకు సోర్స్ ఫైల్ ఒకటే, కమాండ్‌కి ఒక మాక్రో. అక్కడ మేక్‌ఫైళ్లను తయారుచేసి ఇచ్చే ఆటోమేక్ వాడతారు. ప్రోగ్రాంకి ప్రత్యేక ఫ్లాగ్స్ ఇస్తే ఆటోమేక్ దాని ఆబ్జెక్ట్‌ల పేర్ల ముందు ప్రోగ్రాం పేరు తగిలిస్తుంది, ఒకరిది ఒకరికి తగలదు. అలాంటిదే అయిన సీమేక్ ఇంకా ముందుకు పోయి ప్రతి టార్గెట్‌కీ ఆబ్జెక్ట్ ఫోల్డరే వేరుగా ఇస్తుంది. ఒకే సి ఫైల్‌ను రెండు ప్రోగ్రాముల్లో పేర్కొంటే రెండుసార్లు కంపైల్ చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్ట్ అయితే నేను సీమేక్ అనే చెబుతాను. ఈ చిన్న ఫోల్డర్‌కి ఉన్న మేక్‌ఫైల్‌ను బాగుచేయడమే తక్కువ పని.

నాకు మాత్రం అదే కోర్‌యుటిల్స్‌లో ఎల్ఎస్ కట్టే తీరు ఎక్కువ ఇష్టం. ఎల్ఎస్, డిర్, వీడిర్ మూడు కమాండ్లకూ అసలు కోడ్ ఒకటే, మాక్రోలు లేవు. మూడు బుల్లి ఫైళ్లు ఉంటాయి, ఒక్కో దానిలో మోడ్ అనే వేరియబుల్‌కి ఒక్కో విలువ. పెద్ద ఆబ్జెక్ట్‌ను ముగ్గురూ పంచుకుంటారు, తేడా లింక్ దగ్గర తేలుతుంది. మేమూ తరవాత ఆ దారికే వచ్చాం. డిలే ఫీల్డ్‌ను రీడింగ్ నుంచి పీకేసి, సిమ్ తన సొంత స్ట్రక్చర్‌లో రీడింగ్‌నీ డిలేనీ పక్కపక్కన పెట్టుకునేలా మార్చాం. మాక్రోకి పనే లేకుండా పోయింది, రెండో ఆబ్జెక్ట్ ఫోల్డర్ కూడా తీసేశాం. హెడర్‌లో స్ట్రక్చర్ కిందే ఒక స్టాటిక్ అసర్ట్ పెట్టాం: సైజ్ 24 కాకపోతే కంపైలే కావద్దు. సి భాష 2011 ప్రమాణం, అంటే సి11 నుంచి అది భాషలోనే ఉంది.

సీఆర్‌సీ ఫైల్‌లో కూడా ఇదే రకం ఉచ్చు ఒకటి దొరికింది. టెస్ట్ అనే మాక్రో ఇస్తే ఆ ఫైల్‌లోనే ఒక మెయిన్ బయటికొస్తుంది. టెస్ట్ నడిపి క్లీన్ చేయకపోతే ఆ ఆబ్జెక్ట్ మిగతా ప్రోగ్రాములకు చేరేది. ఇది కనీసం గట్టిగా అరుస్తుంది, రెండు మెయిన్లని లింకర్ ఆపేస్తుంది. ఆ మెయిన్‌ను విడి టెస్ట్ ఫైల్‌గా పెట్టేశాం.

"అన్నీ కలిపి ఒకే బైనరీ చేసేస్తే ఈ గోలే ఉండదు కదా" అన్న సలహా మేనేజర్ వైపు నుంచి వచ్చింది. ఏ పేరుతో పిలిస్తే ఆ కమాండ్‌లా నడిచే పద్ధతి బిజీబాక్స్‌లో ఉంది, కోర్‌యుటిల్స్‌లోనూ అలా కట్టుకునే ఆప్షన్ ఉంది. డిస్క్ జాగా తక్కువున్న బోర్డుల్లో అది మంచిదే. ఇక్కడ మాత్రం వద్దన్నాను. అబద్ధపు రీడింగులు తయారుచేసే సిమ్ కోడ్ సైట్‌కి వెళ్లే బైనరీలో ఉండటం నాకు అస్సలు నచ్చదు.

క్లీన్ కొట్టే అలవాటు

ఈ టీమ్‌లో అందరూ ప్రతి బిల్డ్‌కి ముందు క్లీన్ కొట్టేవాళ్లు, ఆ ఒక్క సాయంత్రం తప్ప. ఎందుకంటే హెడర్ మారితే పాత మేక్‌ఫైల్‌కి తెలిసేది కాదు. హెడర్ల మీద ఆధారం ఎక్కడా రాయలేదు. జీసీసీకి ఎమ్‌ఎమ్‌డి, ఎమ్‌పి అనే రెండు ఆప్షన్లు ఇస్తే, ప్రతి ఆబ్జెక్ట్ పక్కన అది వాడుకున్న హెడర్ల జాబితా ఒక చిన్న ఫైల్‌గా రాస్తుంది. ఆ ఫైళ్లను మేక్‌ఫైల్‌లోకి ఇంక్లూడ్ చేస్తే చాలు. ఫ్లాగ్స్ మారిన సంగతి తెలియడానికి ఇంకో ఏర్పాటు చేశాం. ఇప్పటి ఫ్లాగ్స్‌ను ఒక ఫైల్‌లో రాసి, నిజంగా మారినప్పుడే దాన్ని తిరగరాసి, ఆబ్జెక్ట్‌లన్నీ దాని మీద ఆధారపడేలా చేశాం. మేక్ లాంటి ఇంకో టూల్ నింజాలో ఇది పుట్టుకతోనే ఉంది, మేక్‌లో మనం చేసుకోవాలి. ఇవి రెండూ వచ్చాక క్లీన్ అవసరం తగ్గింది.

మధ్యలో ఇంకో తలనొప్పి. సర్వర్‌ను ఉబుంటు 20.04 నుంచి 22.04కి మార్చగానే ఏ ప్రోగ్రామూ లింక్ కాలేదు, లాగ్ లెవెల్ అనే వేరియబుల్ చాలా చోట్ల నిర్వచించారని ఎర్రర్. నేను మేక్‌ఫైల్ ముట్టుకున్నందుకే అని కొందరికి టెన్షన్. దీనికి మేక్‌ఫైల్‌తో సంబంధం లేదు. ఒక హెడర్‌లో ఎక్స్‌టర్న్ (అసలు నిర్వచనం వేరే చోట ఉందని చెప్పే మాట) లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాసి ఉంది. 2020లో వచ్చిన జీసీసీ 10కి ముందు దాకా లింకర్ అలాంటివాటిని చూసీ చూడనట్టు కలిపేసేది, అక్కడి నుంచి డీఫాల్ట్‌గా కలపదు. 20.04లో ఉన్నది జీసీసీ 9, 22.04లో 11. హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, నిర్వచనం ఒక్క సి ఫైల్‌లో పెట్టాం. పాత ప్రవర్తన తెప్పించే ఫ్లాగ్ ఉంది, కానీ వాడలేదు.

పరీక్ష

బాగైందని ఒప్పుకోవడానికి నేను పెట్టిన షరతు ఒక్కటే: ఏ క్రమంలో కట్టినా రీడర్ బైట్ బైట్ అదే రావాలి. బిల్డ్ సర్వర్‌లో రెండు పనులు పెట్టాం. ఒకటి క్లీన్ చేసి రీడర్ మాత్రమే కడుతుంది. రెండోది క్లీన్ చేసి ముందు సిమ్, తరవాత మిగతావి, చివర రీడర్ కడుతుంది. రెండు రీడర్ల షా-256 చెక్‌సమ్‌లు కలవకపోతే బిల్డ్ ఫెయిల్. పాత మేక్‌ఫైల్ మీద ఈ పరీక్ష నడిపితే వెంటనే ఫెయిలైంది, అది కూడా చూశాకే ముందుకు వెళ్లాం.

కొత్త మేక్‌ఫైల్ మీద కూడా మొదట ఫెయిలైంది. కారణం వేరు. వెర్షన్ ఫైల్‌లో కంపైల్ చేసిన తేదీ, టైమ్ అచ్చయ్యే మాక్రోలు ఉన్నాయి. నిమిషం తేడాతో కట్టినా చెక్‌సమ్ మారిపోతుంది. వాటి బదులు కమిట్ నంబర్ పెట్టాం. ఇలాంటి మాక్రో మళ్లీ ఎక్కడైనా దూరితే జీసీసీ డేట్-టైమ్ వార్నింగ్ ఇస్తుంది, దాన్ని ఎర్రర్‌గా మార్చాం.

గ్నూ మేక్ 4.4లో షఫుల్ అనే ఆప్షన్ వచ్చింది. టార్గెట్ల క్రమాన్ని కావాలని కలగాపులగం చేసి కడుతుంది, క్రమం మీద దాగి ఆధారపడ్డ తప్పులు బయటపడతాయి. ఉబుంటు 22.04లో ఉన్నది 4.3, అందుకే చేత్తో రెండు క్రమాలు పెట్టుకున్నాం. సర్వర్ మీద కొత్త మేక్ వచ్చిన రోజున ఆ రెండో పనిని షఫుల్‌తో మార్చమని టికెట్ పెట్టి ఉంచాను. లాప్‌టాప్‌లో కట్టిన బైనరీ సైట్‌కి పంపకూడదన్న రూల్ టీమ్ తనంతట తానే పెట్టుకుంది.